జీతం లేని ఇంటర్న్‌షిప్: కోడ్ బాగా వచ్చినవాళ్లు కూడా ఊరికే చేయాలా?

థర్డ్‌ఇయర్_కోడర్:

అందరికీ నమస్తే. కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నా. జాంగో (వెబ్ ఫ్రేమ్‌వర్క్), పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్) మీద చేయి బాగానే తిరిగింది, కాలేజీ క్లబ్బు కోసం రాసిన అప్లికేషన్ ఇప్పటికీ నడుస్తోంది, కోడ్ అందరికీ తెరిచి ఉండే ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీలో నా ప్యాచ్‌లు, అంటే నేను పంపిన చిన్న మార్పులు, కొన్ని మెర్జ్ అయ్యాయి. ఇప్పుడు ఒక చిన్న కంపెనీ ఇంటర్న్‌షిప్ ఇస్తామంటోంది. ఆరు నెలలు, స్టైపెండ్ లేదు, చివర్లో సర్టిఫికెట్, "పని నచ్చితే ఉద్యోగం సంగతి చూద్దాం" అన్నారు. చేరిన మొదటి వారం నుంచే వాళ్ల కస్టమర్లు వాడే పేమెంట్ల మాడ్యూల్ నాకే అప్పజెబుతారట. ఫ్రెండ్స్ ఏమో అనుభవం వస్తుంది, ఆలోచించకుండా చేరిపో అంటున్నారు. ఇంట్లోవాళ్లు పని చేయించుకుని డబ్బులివ్వకపోవడమేంటి అంటున్నారు. వారంలో చెప్పాలి, ఎటూ తేలక టెన్షన్‌గా ఉంది. ఇలాంటివి చూసినవాళ్లు చెప్పండి.

పాతకాపు:

తమ్ముడూ, నువ్వు రాసిన దాంట్లోనే జవాబు ఉంది. కస్టమర్ల డబ్బు కదిలే మాడ్యూల్ మొదటి వారమే నీ చేతికిస్తున్నారంటే వాళ్లకి నీ పని వచ్చని తెలుసు, అంటే అక్కడ ఉద్యోగి చేయాల్సిన పనే నీతో చేయిస్తున్నారు. దానికి జీతం ఇవ్వాల్సిందే, నా మాట ఇంతే. నేర్చుకోవడానికి వచ్చినవాడి పని వేరేలా ఉంటుంది. మొదట్లో అతని వల్ల టీమ్‌కి పని తగ్గదు, పెరుగుతుంది, ఎందుకంటే ఎవరో ఒకరు కూర్చుని చూపించాలి.

అందుకే వాళ్లని ఒక్కటే అడుగు: నా పుల్ రిక్వెస్ట్‌లు (మెయిన్ కోడ్‌లో కలపమని పంపే మార్పులు) ఎవరు రివ్యూ చేస్తారు? పేరు చెప్పమను. అనుభవం అనేది ఎక్కువ భాగం అక్కడే వస్తుంది. వెబ్‌హుక్‌నే తీసుకో, అంటే చెల్లింపు అయిందని పేమెంట్ గేట్‌వే మన సర్వర్‌కి పంపే కబురు. దాన్ని అందుకునే హ్యాండ్లర్ నువ్వు రాస్తావు, నీ మెషీన్ మీద చక్కగా నడుస్తుంది. సీనియర్ చూసి "ఇదే కబురు రెండుసార్లు వస్తే?" అని ఒక్క కామెంట్ పెడతాడు. మన సర్వర్ జవాబు ఆలస్యమైతే గేట్‌వే దాన్నే మళ్లీ పంపుతుంది, అప్పుడు ఒకే చెల్లింపు రెండు వరసలుగా టేబుల్లో పడుతుంది. ఒకే ట్రాన్సాక్షన్ ఐడీ టేబుల్లో రెండుసార్లు పడకుండా యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టి, రెండోసారి వచ్చినదాన్ని గుర్తుపట్టి ఏమీ చేయకుండా సరే అని జవాబివ్వాలని ఆ రోజు తెలుస్తుంది, ఇక జీవితంలో మర్చిపోవు. ఆ కామెంట్ పెట్టే మనిషే లేకపోతే నువ్వు ఇంట్లో కూర్చుని రాసినట్టే, కాకపోతే తప్పు జరిగితే వేరేవాళ్ల డబ్బు పోతుంది, రాత్రిపూట ఫోన్ నీకొస్తుంది.

లాగ్‌రీడర్:

నేను ఫ్రెషర్స్‌ని ఇంటర్వ్యూ చేస్తుంటాను కాబట్టి అటువైపు నుంచి చెప్తాను. సర్టిఫికెట్ మీద నేను ఒక్క ప్రశ్న కూడా అడగను. నువ్వు మార్చిన కోడ్ ఏది, ఎందుకు అలా మార్చావు, ఎవరు ఏమి అభ్యంతరం చెప్పారు, ఇవి అడుగుతాను. ఓపెన్ సోర్స్‌లో అయితే చర్చ అంతా బయటే ఉంటుంది, గిట్ లాగ్‌లో (కోడ్ మార్పుల చరిత్రలో) ఆథర్‌గా నీ పేరు ఉంటుంది, నేనే చదువుకోగలను. కంపెనీ లోపల రాసింది మూసిన రిపాజిటరీలో ఉండిపోతుంది. పైగా ఎన్‌డీఏ (లోపలి విషయాలు బయట చెప్పనన్న ఒప్పందం) మీద సంతకం పెట్టిస్తే వివరంగా మాట్లాడటానికి కూడా ఉండదు. అంటే డబ్బూ లేదు, చూపించడానికీ లేదు.

ఇంకోటి, సంతకం పెట్టే ముందు కాపీరైట్ క్లాజు చదువు. ఉద్యోగి పనిలో భాగంగా రాసిన కోడ్ చాలా దేశాల్లో దానంతటదే కంపెనీదవుతుంది, ఉద్యోగి కానివాళ్లు రాసింది మామూలుగా రాసినవాళ్లదే, రాతపూర్వకంగా బదలాయిస్తే తప్ప. అందుకే జీతం ఇవ్వకపోయినా ఆ కాగితం మాత్రం ముందే పంపిస్తారు. కొన్నిట్లో "ఈ కాలంలో రాసిన సమస్తం" అని ఉంటుంది, అంటే నీ సొంత ప్రాజెక్టు కూడా అందులో పడొచ్చు. ఆ వాక్యం మార్చమని అడగడానికి మొహమాటపడకు.

టెస్ట్‌కేస్:

అందరూ వద్దంటున్నారు కానీ నేను పూర్తిగా ఒప్పుకోను. జీతం లేకుండా ఒక స్వచ్ఛంద సంస్థకి సాఫ్ట్‌వేర్ చేసిపెట్టాను, రోజూ వాడే మనుషుల పక్కన కూర్చుని చూడటం వల్ల నేర్చుకున్నది ఏ కోర్సులోనూ రాలేదు. ప్రొఫెసర్ ల్యాబ్‌లో పని కూడా అంతే. గడువు చిన్నదైతే, చదువుకి అడ్డం రాకపోతే, నచ్చకపోతే ఎప్పుడైనా ఆపేసే వీలుంటే తప్పేం లేదు. లాభం కోసం నడిచే కంపెనీకి ఆరు నెలలు ఊరికే చేయడం మాత్రం వేరే సంగతి, అక్కడ పాతకాపు గారి మాటే నాదీ.

పాతకాపు:

@టెస్ట్‌కేస్ ఆ తేడా నిజమే అండి. అయితే ఒకటి, ఊరికే పనిచేయగలిగే స్తోమత అందరికీ ఉండదు. ఖర్చులకి ఇంటి నుంచి డబ్బొచ్చేవాళ్లే చేరగలిగితే, అంతే బాగా కోడ్ రాసే మిగతావాళ్లు గేటు బయటే ఉండిపోతారు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. అందుకే డబ్బులిచ్చే దారులు ముందు చూడమంటాను. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది, మెంటర్ ఉంటారు, స్టైపెండ్ ఉంటుంది, 2022 నుంచి విద్యార్థులే కావాలన్న నియమం కూడా తీసేశారు, 18 ఏళ్లు నిండి ఓపెన్ సోర్స్‌కి కొత్తవాళ్లైనా దరఖాస్తు పెట్టొచ్చు. ఔట్‌రీచీ అనే ఓపెన్ సోర్స్ ఇంటర్న్‌షిప్ కూడా స్టైపెండ్ ఇచ్చేదే, ఇంటి నుంచే చేయొచ్చు.

థర్డ్‌ఇయర్_కోడర్:

అందరికీ థాంక్స్. మెయిల్ పెట్టి రివ్యూ ఎవరు చేస్తారని అడిగా. "మా సీటీఓ (టెక్నాలజీ హెడ్) బిజీగా ఉంటారు, నువ్వు ఇండిపెండెంట్‌గా చేయగలవనే తీసుకుంటున్నాం" అని జవాబొచ్చింది. అయితే జీతం ఇవ్వండి, నెలకింత అని రాసి అగ్రిమెంట్ పంపండి అన్నా. బడ్జెట్ లేదన్నారు. వద్దని చెప్పేశా. ఇంట్లో సంతోషించారు, ఫ్రెండ్స్ ఇంకా తిడుతున్నారు. సమ్మర్ ఆఫ్ కోడ్‌కి ఎప్పటి నుంచి మొదలుపెట్టాలి?

లాగ్‌రీడర్:

మంచి పని చేశావు. ఇప్పుడే మొదలుపెట్టు. మామూలుగా ఫిబ్రవరిలో సంస్థల జాబితా వస్తుంది, దరఖాస్తులు మార్చిలో మొదలవుతాయి, కానీ అప్పటిదాకా ఆగితే ఆలస్యం. నీ ప్యాచ్‌లు తీసుకున్న లైబ్రరీ ఆ జాబితాలో ఉంటుందో లేదో పాత సంవత్సరాలవి చూడు, లేకపోతే జాంగోనే గతంలో చాలాసార్లు పాల్గొంది. వాళ్ల బగ్ ట్రాకర్‌లో ఇంకా పరిష్కారం కాని టికెట్ ఒకటి తీసుకుని, ముందు ఆ బగ్‌ని పట్టిచ్చే టెస్ట్ రాసి పంపు, ఫిక్స్ తర్వాత సంగతి. ప్రపోజల్ డ్రాఫ్ట్ అయ్యాక ఇక్కడ పెట్టు, నేను చదువుతాను.