కొత్త మేనేజర్ ఎంపికలో దేనికి ఎక్కువ విలువ ఇవ్వాలి?

ఫుట్‌బాల్ క్లబ్ కొత్త మేనేజర్‌ను ఎంచుకునేటప్పుడు అతను గెలిచిన ట్రోఫీలను చూడాలా, లేక ఉన్న ఆటగాళ్లకు అతను జట్టును ఆడించే తీరు సరిపడుతుందా అన్నది చూడాలా అనే విషయంలో అనుభవజ్ఞుల అభిప్రాయం కోరుతున్నాను. 1986 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్‌కు వచ్చిన అలెక్స్ ఫెర్గూసన్ 1990 దాకా అక్కడ ఒక్క ట్రోఫీ కూడా గెలవలేదు; అంత ఓపిక ఇప్పటి యాజమాన్యాలకు ఉంటుందా అన్నది నాకు అనుమానమే. మరోవైపు, అగ్రశ్రేణి జట్టుకు ఎన్నడూ మేనేజర్‌గా పనిచేయని షాబీ అలోన్సోను, లీగ్ పట్టిక అడుగున కొట్టుమిట్టాడుతున్న జర్మనీ క్లబ్ లెవర్కూసెన్ 2022 అక్టోబరులో నమ్ముకుని, 2023-24లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా జర్మనీ అగ్రశ్రేణి లీగ్ అయిన బుండెస్‌లిగా గెలిచింది. అలాంటి అభ్యర్థిలో ముందుగానే కనిపించే లక్షణాలేమిటి? ముఖ్యంగా, ఆటగాళ్ల కొనుగోళ్లు చూసే స్పోర్టింగ్ డైరెక్టర్‌తో సర్దుకుపోగల నేర్పును ఇంటర్వ్యూలోనే ఎలా పసిగట్టవచ్చో తెలిసినవారు దయచేసి వివరించగలరు.