రోద్రీగెస్ అన్నది ఇంటిపేరా, తండ్రి పేరా?

కృష్ణాతీరం అడుగుతున్నారు:
2025 మహిళల ప్రపంచకప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియాపై జెమీమా రోడ్రిగ్స్ అజేయంగా 127 పరుగులు చేసిన రాత్రి మా ఇంట్లో ఒక వాదన మొదలై ఇంకా తెగలేదు. 2014 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో ఆరు గోల్స్ చేసి గోల్డెన్ బూట్ అందుకున్న కొలంబియా ఆటగాడు హామెస్ రోద్రీగెస్‌దీ అదే ఇంటిపేరు కాబట్టి, ఎన్ని తరాల వెనకనైనా ఇద్దరికీ ఒక మూలపురుషుడు ఉండి తీరాలని మా బాబాయి అంటున్నారు. ఇంటిపేరూ గోత్రమూ కలిస్తే దాయాదులమని లెక్కగట్టే మన అలవాటు స్పెయిన్ పేర్లకు వర్తిస్తుందా? తెలిసినవారు వివరించగలరు.

పాతకాగితాలు:
వర్తించదండీ. ఎందుకంటే అది పుట్టుకతో ఇంటిపేరే కాదు. "రోద్రిగో కొడుకు" అని చెప్పే మాట మాత్రమే. రోద్రిగో అన్నది విసిగోతులతో (ఒకప్పుడు స్పెయిన్‌ను ఏలిన జెర్మానిక్ తెగతో) పాటు స్పెయిన్‌కు వచ్చిన జెర్మానిక్ పేరు, కీర్తి, అధికారం అనే అర్థాలున్న రెండు మాటల కలయిక. 711లో ఉత్తరాఫ్రికా నుంచి దాటివచ్చిన ముస్లిం సేనల చేతిలో ఓడిన రాజు పేరు కూడా ఇదే. చివరనున్న "ఎస్" ప్రత్యయం పుట్టుకపై పండితులలో భేదాభిప్రాయాలున్నా, లాటిన్ షష్ఠీ విభక్తి నుంచి వచ్చిందన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది.

ఒక కుటుంబాన్ని దగ్గరగా చూస్తే సంగతి తేటపడుతుంది. 1094లో వాలెన్సియా నగరాన్ని గెలిచి, 1099లో అక్కడే కన్నుమూసిన వీరుడు ఎల్ సిద్ అసలు పేరు రోద్రిగో దియాస్, అంటే దియేగో కొడుకు రోద్రిగో. తండ్రి దియేగో లాయినెస్, తాత లాయిన్ నూన్యెస్. ఇక 1097లో కోన్సుయెగ్రా యుద్ధంలో మరణించిన అతని కుమారుడు దియేగో రోద్రీగెస్. ఒకే వంశంలో నాలుగు తరాలకు నాలుగు పేర్లు! తమిళనాట తండ్రి పేరును ఇనీషియల్‌గా పెట్టుకోవడం వల్ల తరం మారగానే ఇనీషియల్ మారిపోతుంది కదా, ఇదీ అంతే. ఆ తరువాత శతాబ్దాలలో ఆస్తి దస్తావేజులకూ చర్చి రిజిస్టర్లకూ స్థిరమైన పేరు అవసరమయ్యేసరికి, ఏ తరంలో ఏ పేరుంటే అదే గడ్డకట్టుకుపోయింది. ఒకరికొకరు ఏమీ కాని వేలాదిమంది రోద్రిగోల సంతానం అలా ఒకే ఇంటిపేరు కిందికి చేరింది.

మాడ్రిడ్‌మెట్లు:
పదకొండేళ్లుగా మాడ్రిడ్‌లో ఉంటున్నాను. పై వివరణకు ఒక ముక్క కలుపుతాను. ఇక్కడ ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లుంటాయి, మొదటిది తండ్రిది, రెండోది తల్లిది. పెళ్లయినా ఆడవారి ఇంటిపేరు మారదు. వరుస మార్చుకునే వీలు 1999 చట్టంతో వచ్చింది. 2017 నుంచి తండ్రి పేరే ముందుండాలన్న ఆనవాయితీ కూడా చట్టంలో లేదు. మొదటిసారి ఇక్కడి దరఖాస్తు నింపినప్పుడు "రెండో ఇంటిపేరు" గడి దగ్గర కలం ఆగిపోయి, చివరకు ఖాళీగానే వదిలేశాను. అదే రోజు వరండాలో గుమాస్తా "రోద్రీగెస్" అని పిలిస్తే ముగ్గురు లేచి నిలబడ్డారు. రెండో పేరు చదివాకే ఇద్దరు కూర్చున్నారు.

అంత మామూలు పేరు కావడం వల్లనే, 2004 నుంచి 2011 దాకా స్పెయిన్ ప్రధానిగా ఉన్న హోసే లూయీస్ రోద్రీగెస్ సపతేరోను లోకమంతా తల్లి ఇంటిపేరుతో "సపతేరో" అనే పిలిచింది. సెవిల్లేలో 1599లో పుట్టిన చిత్రకారుడు వెలాస్కెస్ తండ్రి కూడా రోద్రీగెసే. మనకు తెలిసిన పేరు తల్లి వైపుది. ఇంకో సరదా సంగతి: వేసవిలో భార్యాపిల్లలను సముద్రతీరానికి పంపి, ఉద్యోగం కోసం ఊళ్లో ఒంటరిగా మిగిలిపోయిన మగవాణ్ని ఇక్కడ "రోద్రీగెస్‌గా ఉన్నాడు" అంటారు.

కొంకణపుగాలి:
జెమీమా గారి పేరు పోర్చుగీసు వైపు నుంచి వచ్చింది. అదే పేరును పోర్చుగల్‌లో చివర వేరే అక్షరంతో రాస్తారు. హిందూ మహాసముద్రంలో మారిషస్‌కు చెందిన రోడ్రిగ్స్ ద్వీపానికి ఒక పోర్చుగీసు నావికుడి పేరే పెట్టారు. గోవాలో పోర్చుగీసువారి కాలంలో క్రైస్తవం పుచ్చుకున్నవారికి బాప్తిస్మం ఇచ్చిన పాద్రీ పేరో, జ్ఞానపిత (బాప్తిస్మంలో సాక్షిగా నిలిచే పెద్ద) పేరో ఇంటిపేరుగా స్థిరపడింది. గోవా నుంచి దక్షిణానికి వలసపోయిన క్రైస్తవులతో పాటు ఆ పేర్లు మంగుళూరుకూ చేరాయి. జెమీమా గారి కుటుంబ మూలాలు అక్కడివే. కాబట్టి ఇక్కడ ఆ పేరు రక్తసంబంధాన్ని కాక, ఎవరి చేతుల మీదుగా బాప్తిస్మం జరిగిందన్నదాన్ని చెబుతుంది. ఇలాంటి పేర్లపంపకం ఫిలిప్పీన్స్‌లో మరీ విచిత్రం: 1849లో స్పెయిన్ గవర్నర్ క్లావెరియా ఏకంగా ఇంటిపేర్ల జాబితా అచ్చువేయించి ఊళ్లకు పంచిపెట్టాడు.

కృష్ణాతీరం:
అందరికీ కృతజ్ఞతలు. బాబాయికి చదివి వినిపించాను. ఒక మెట్టు దిగారు గానీ, "మరి గార్సియా అన్నవారి తండ్రి పేరేమిటి?" అని కొత్త మెలిక పెట్టారు.

పాతకాగితాలు:
గార్సియాయేనండీ. ప్రత్యయం చేరకుండా తండ్రి పేరే యథాతథంగా ఇంటిపేరైన ఉదాహరణ అది. ఉత్తర స్పెయిన్‌లోని నవార్ రాజ్యాన్ని పాలించిన రాజులలో గార్సియాలు చాలామంది ఉన్నారు; వారి కొడుకులు గార్సెస్ అయ్యారు.