సమస్య: కుజుఁడు రాజు గాఁగఁ గుదిరె శాంతి

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలదిలో చివరి పాదం. పై మూడు పాదాలు మీరు రాసి పద్యం పూరించాలి.

కుజుఁడు రాజు గాఁగఁ గుదిరె శాంతి

పంచాంగంలో నవనాయకులు, అంటే ఏడాదికి రాజు, మంత్రి లాంటి తొమ్మిది పదవుల్లో ఉండే గ్రహాలు, తెలిసినవాళ్లకు ఇందులో చిక్కేమిటో చెప్పక్కర్లేదు. కుజుడు, అంటే అంగారక గ్రహం, రాజైన ఏడాది యుద్ధాలు, అగ్నిభయం, పాలకుల మధ్య వైరం అని ఫలితాలు రాస్తారు. ఆయన ఏలుబడిలో శాంతి కుదిరిందని మీరు నమ్మించాలి. కుజదోషం మీద జోకులు మాత్రం వద్దు, పోయినసారి వాటితోనే సరిపోయింది.

పాతపంచాంగం: ముందుగా నాది.

చైత్ర పాడ్యమి పడు సమయాన వారమే
రాజ టంచు నెంచు రాత గాని
రణము నాపు బుద్ధి రాజుల కున్నది
కుజుఁడు రాజు గాఁగఁ గుదిరె శాంతి

చైత్ర శుద్ధ పాడ్యమి ఏ వారం పడితే ఆ వారాధిపతే ఆ ఏటికి రాజు. మంగళవారం ఉగాది వస్తే కుజుడు. 2024లో ఏప్రిల్ 9 మంగళవారం, అందుకే క్రోధి సంవత్సరానికి ఆయన రాజయ్యాడు. వారాలు ఏడు కాబట్టి సగటున ఏడేళ్లకోసారి ఆయన వంతు వస్తూనే ఉంటుంది. ఆయన వంతు వచ్చినప్పుడల్లా లెక్కగా మొదలయ్యే యుద్ధాన్ని మీరెవరైనా చూశారా?

కొత్తకలం: మాస్టారూ, మొదటి పాదంలో 'చై'కి 'స'తో యతి ఎలా కుదిరింది? నాకు తెలిసి చ వేరు, స వేరు.

నిర్వాహకుడు: యతి అంటే పాదం మొదటి అక్షరానికీ నడుమ వచ్చే అక్షరానికీ పొత్తు. చ ఛ జ ఝ శ ష స ఒక్క గుంపు, వీటిలో దేనికి దేనితోనైనా యతి చెల్లుతుంది. అచ్చుల్లో ఐకి అతో మైత్రి ఉంది. కాబట్టి చై, స కుదిరినట్టే. పద్యంలో నాకు బాగా నచ్చింది 'రాత' అన్న మాట. పంచాంగంలో రాసినది, నుదుటి రాత, రెండూ వినిపిస్తున్నాయి. నచ్చనిది మూడో పాదం. రాజులకు ఆ బుద్ధి 'ఉన్నది' అని అంత ధీమాగా అనేశారు. ఉంటే మనకీ సమస్యే లేదు కదా!

పాతపంచాంగం: ఆ ధీమా వెక్కిరింపుగానే వేశానండీ.

నిర్వాహకుడు: అది పద్యంలో తెలియడం లేదు. మీరు చెప్పాక తెలిసింది.

ధూమకేతువు: నాకు రాజు కన్నా సంవత్సరం పేరు మీద గురి.

పేరుఁ జూచి మురియఁ బిచ్చి, యానందాబ్ద
మందె జగము మండె మంటలందు;
క్రూరుఁడు అన్న పేరు కుజునకుఁ గలదయ్య
కుజుఁడు రాజు గాఁగఁ గుదిరె శాంతి

మొదటి ప్రపంచ యుద్ధం 1914 జులై 28న మొదలైంది. అది మన లెక్కలో ఆనంద నామ సంవత్సరం! ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

నిర్వాహకుడు: ఆలోచన మొదటి రకం, మూడో పాదం మాత్రం కుంటింది. 'క్రూరుఁడు అన్న' అని విసంధిగా వదిలేశారు. ఉత్తుకు అచ్చు పరమైతే సంధి తప్పదు. విడదీసి చదివితే రెండో గణం, అంటే అక్షరాల జట్టు, 'డు అన్న' లగలం (లఘువు, గురువు, లఘువు) అవుతుంది, ఆటవెలదిలో అది పనికిరాదు. 'క్రూరుఁ డన్న పేరు' అనండి, రెండూ ఒకే దెబ్బకు సర్దుకుంటాయి.

ధూమకేతువు: సర్దేశాను. టైపు చేసే తొందరలో పడిందని చెబితే నమ్ముతారా?

నిర్వాహకుడు: నమ్మను. 'ఆనందాబ్ద' దగ్గర పాదం విరిచి, 'మందె… మండె… మంట' అని అందుకున్న తీరు మాత్రం చాలా బాగుంది. పేరులో ఆనందం, పాదం మారగానే మంట. ఈ విరుపు కావాలని చేశారో, గణాలు తోసుకొచ్చాయో నేను అడగను.

గురులఘువు: ఒక మాట. ఇదే పద్ధతిలో జోస్యాన్ని నమ్మే ఎదుటివాళ్లు కూడా సాక్ష్యం చూపించగలరు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939, కార్గిల్ జరిగిన 1999, రెండూ ప్రమాథి సంవత్సరాలే. సరిగ్గా అరవై ఏళ్లు. మా పెద్దనాన్న ఈ ఒక్క జతతో గంటసేపు మాట్లాడేవాడు. ప్రమాథి అంటే మథించేవాడు, కల్లోలపెట్టేవాడు కదా అని ముక్తాయించేవాడు కూడా.

ఆకాశదర్శి: జత కుదిరినవే ఆయనకు గుర్తున్నాయి. 1962 శుభకృత్తు, 1965 విశ్వావసు, 1971 విరోధికృత్తు. మూడింటిలోనూ యుద్ధాలే జరిగాయి, పేర్లు చూస్తే ఒకటి శుభం, ఒకటి విరోధం. ఏ ఏడాది తీసుకున్నా లోకంలో ఎక్కడో ఒకచోట యుద్ధం ఉంటుంది, కాబట్టి ఏ పేరుకైనా ఒక యుద్ధం దొరుకుతుంది. ఇక అరవై ఏళ్ల చక్రం అంటారా, అందులో ఆకాశం లెక్క ఉన్న మాట నిజమే. గురుడు సూర్యుణ్ని చుట్టడానికి పన్నెండేళ్లకు కాస్త తక్కువ, శనికి ఇరవై తొమ్మిదిన్నర. గురుడు ఐదు చుట్లు, శని రెండు చుట్లు పూర్తిచేసేసరికి దాదాపు అరవై అవుతుంది. గడియారం మంచిదే. అందులో యుద్ధం గంట మాత్రం ఎవరూ అమర్చలేదు.

కొత్తకలం: భయపడుతూనే పెడుతున్నాను. ఇది నా రెండో ఆటవెలది.

గురుఁడు శనియుఁ గలిసి యిరువదేండ్లకు నొక్క
సారి చేరుచుంద్రు చదలునందు;
కలహ మెన్నడైనఁ గాలపట్టికఁ జూచు?
కుజుఁడు రాజు గాఁగఁ గుదిరె శాంతి

ధూమకేతువు: మొదటి పాదంలో యతి పోయింది తమ్ముడూ. 'గు'కీ 'యి'కీ ఎక్కడి మైత్రి?

నిర్వాహకుడు: పోలేదండీ, చూడండి. గురుడు, ఇరువది: రెండో అక్షరం రెండుచోట్లా 'రు', దాని ముందున్నది రెండుచోట్లా లఘువే. ఇది ప్రాసయతి, ఆటవెలదిలో దర్జాగా చెల్లుతుంది. కొత్తకలం గారు తెలిసి వేశారా?

కొత్తకలం: నిజం చెప్పాలంటే తెలియదు. చెవికి బాగుందని వేశాను.

నిర్వాహకుడు: ఆ చెవిని జాగ్రత్తగా చూసుకోండి. 'కాలపట్టిక' పద్యంలో కొత్తగా ఉంది, పంటికింద రాయి కాలేదు. 'కలిసి', 'చేరుచుంద్రు' రెండూ ఒకే పని చేస్తున్నాయి, ఒకటి చాలు.

ఆకాశదర్శి: విషయం కూడా సరిగ్గా పట్టుకున్నారు. గురు శనుల కలయికలు 1901, 1921, 1940-41, 1961, 1980-81, 2000, 2020. ఈ పట్టీలో 1914 లేదు, 1939 లేదు. 2020 డిసెంబర్ 21న ఆ రెండూ డిగ్రీలో పదోవంతు దూరానికి వచ్చాయి, 1623 తర్వాత అంత దగ్గరగా రాలేదు. ఆ సాయంత్రం డాబా మీద బైనాక్యులర్ పట్టుకుని నిలబడ్డాను. రెండు చుక్కలు ఒకే వలయంలో ఇమిడిపోయాయి. పక్కింటి పిల్లాడు చూసి, "ఏం జరుగుతుంది అంకుల్?" అన్నాడు. "కాసేపట్లో అస్తమిస్తాయి" అన్నాను. వాడికి నచ్చలేదు.

పాతపంచాంగం: కలయికలంటే అష్టగ్రహ కూటమి వదిలేస్తారేం! 1962 ఫిబ్రవరి 3 నుంచి 5 దాకా ఎనిమిది గ్రహాలు మకరరాశిలో చేరాయి. దేశమంతా ప్రళయం అని టెన్షన్, ఎక్కడ చూసినా హోమాలు. ఏమీ కాలేదు. అక్టోబర్ 20న చైనా యుద్ధం వచ్చింది. దాని మీద ఇంకొకటి.

మకరరాశిఁ జేరి మంతన మాడిరి
యష్టఖేచరులును; నవని వణఁకె;
గడువు దాటి పోయెఁ; గత్తి దూసె మనిషి;
కుజుఁడు రాజు గాఁగఁ గుదిరె శాంతి

నిర్వాహకుడు: ఈ వారం ఇంతవరకు వచ్చినవాటిలో ఇదే గట్టి పద్యం. మూడో పాదంలో 'మనిషి' బదులు 'నరుఁడు' వేస్తే గణం చెడదు, గ్రాంథికం మధ్య వ్యావహారికం దూరినట్టూ ఉండదు.

పాతపంచాంగం: వేయను. ఖేచరులు, అవని అంటూ పెద్ద పెద్ద మాటలు వచ్చాక కత్తి పట్టుకున్నవాడు మామూలు మాటలో రావాలి.

నిర్వాహకుడు: ఒప్పుకున్నాను. సమర్థన పద్యం కన్నా బాగుంది.

గురులఘువు: ఎనిమిది నెలల తర్వాత వచ్చిన యుద్ధాన్ని కూడా కూటమి ఖాతాలో వేసినవాళ్లు ఉన్నారు. గడువు పెట్టకపోతే ఏ జోస్యమైనా ఫలిస్తుంది. సరే, నా వంతు. నేను కుజుణ్ని ఆకాశం నుంచి దించేశాను.

కత్తి విడిచి నరుఁడు కాడి మేడినిఁ బట్టి
నేల నమ్మినపుడు నేల నవ్వె;
ధరకుఁ బుట్టు వాఁడె ధరణి కేలిక యౌర!
కుజుఁడు రాజు గాఁగఁ గుదిరె శాంతి

కు అంటే భూమి, కుజుడు అంటే భూమికి పుట్టినవాడు, అంటే రైతు.

ధూమకేతువు: భూమికి పుట్టినవాడు నరకాసురుడు కూడా. ఆయన రాజైనప్పుడు ఎంత శాంతి కుదిరిందో అందరికీ తెలుసు.

నిర్వాహకుడు: ధూమకేతువు గారి కొంటె ప్రశ్నలో పస ఉంది. కుజుడు అనగానే రూఢిగా అంగారకుడే తోస్తాడు, రైతు అనేది యోగార్థం, అంటే పదాన్ని విడదీస్తే వచ్చే అర్థం. యోగార్థంతో పూరించినప్పుడు పై పాదాలు చదువరిని ముందే ఆ దారిలో పెట్టాలి. ఇక్కడ కాడి, మేడి ఆ పని చేశాయి కాబట్టి నరకుడు అడ్డం రాడు. 'నేల నమ్మినపుడు నేల నవ్వె' అన్న పాదాన్ని నాలుగుసార్లు చదువుకున్నాను. కాకపోతే మీరు గ్రహాన్ని తప్పించేసి గెలిచారు. సమస్యలోని ముడి విప్పినట్టా, తాడు మార్చినట్టా అన్నది మిగతావాళ్లు చెప్పాలి.

ఆకాశదర్శి: తాడు మార్చినట్టే.

కొత్తకలం: నాకు ఒక సందేహం. మహాభారతంలో యుద్ధానికి ముందు గ్రహాలు చెడ్డగా ఉన్నాయని ఉంది కదా. మరి వాళ్లకు ముందే తెలిసినట్టే కదా?

పాతపంచాంగం: ఉద్యోగపర్వంలో ఉంది నాయనా. రాయబారం విఫలమయ్యాక కృష్ణుడితో కర్ణుడే చెబుతాడు, శని రోహిణిని పీడిస్తున్నాడని, కుజుడు జ్యేష్ఠలో వక్రించాడని. ఓడేది తామేనని కూడా ఆయనకు తెలుసు. అంతా చెప్పి రథం ఎక్కి దుర్యోధనుడి దగ్గరికే వెళ్లాడు. చుక్కలు చూసినవాడే ఆగలేదు.

నిర్వాహకుడు: దీని మీద పద్యం రాలేదేమని నాకు వెలితిగా ఉంది. ఇక నా పూరణ. ప్రాచీన జ్యోతిష్కుడు వరాహమిహిరుడు గ్రహయుద్ధాలు, అంటే రెండు గ్రహాలు ఆకాశంలో బాగా దగ్గరగా కనిపించడం, నాలుగు రకాలన్నాడు: భేదం, ఉల్లేఖం, అంశుమర్దనం, అపసవ్యం. రెండు గ్రహాల కిరణాలు ఒరుసుకున్నట్టు కనిపిస్తే అంశుమర్దనం, అప్పుడు రాజుల మధ్య యుద్ధాలట. 2024 ఆగస్టు 14న కుజుడూ గురుడూ డిగ్రీలో మూడోవంతు దూరంలో కనిపించారు. అప్పుడు కూడా వాళ్లిద్దరి మధ్య కోట్లాది కిలోమీటర్లే.

కంటి కెదురఁ బోరు కనిపించు, నిజముగాఁ
గోటి యోజనాల కొలఁది యెడమె;
కొట్టుకొనని చుక్క గొడవ మనకు నేల?
కుజుఁడు రాజు గాఁగఁ గుదిరె శాంతి

ధూమకేతువు: 'చుక్క గొడవ' కాదు, 'చుక్కల గొడవ' ఉండాలి. గణం కోసం బహువచనాన్ని మింగేశారు. మమ్మల్నయితే వదిలేవారా?

నిర్వాహకుడు: వదిలేవాణ్ని కాదు. దొరికిపోయాను.

గురులఘువు: పూరణలన్నిటిలో శాంతి కుదిరింది, అసలు కుజుడు ఏలిన ఆ క్రోధిలో ఏమైంది?

ఆకాశదర్శి: 2025 జనవరి 19న గాజాలో కాల్పుల విరమణ మొదలైంది. మార్చి 18న తెగింది. అప్పటికింకా కుజుడే రాజు, ఉగాదికి పన్నెండు రోజులుంది. యుక్రెయిన్‌లో అసలు ఆగనే లేదు.

నిర్వాహకుడు: కుదిరిందీ ఆయన హయాంలోనే, తెగిందీ ఆయన హయాంలోనే. వచ్చే వారానికి తేటగీతి పాదం ఇస్తున్నాను. 1962 గుర్తున్నవాళ్లకు దారి తేలిక, వాళ్లు మొదటి రోజే పెట్టకుండా మిగతావాళ్లకు కాస్త వ్యవధి ఇవ్వండి.

శుభము లేదయ్యె శుభకృత్తుఁ జూచినపుడు