హెచ్4 పిల్లకి మెడికల్ స్కూల్: 21 దాటాక ఇంటర్నేషనల్ కిందే లెక్క కడతారా?

ఫ్రిస్కో అమ్మ:
అందరికీ నమస్తే అండీ. మా పాప ఏడేళ్ళప్పుడు హెచ్4 (హెచ్1 వర్క్ వీసా వాళ్ళ పిల్లలకిచ్చే డిపెండెంట్ వీసా) మీద అమెరికా వచ్చింది, స్కూలింగ్ అంతా టెక్సస్‌లోనే, ఇప్పుడు ఇక్కడే పబ్లిక్ యూనివర్సిటీలో బయాలజీ మూడో ఏడు. జీపీఏ 3.8. చిన్నప్పట్నుంచీ డాక్టర్ అవుతానంటుంది, రెండేళ్ళుగా హాస్పిటల్లో వాలంటీరింగ్ కూడా చేస్తోంది. గ్రీన్‌కార్డ్ క్యూలో మా ప్రయారిటీ డేట్ ఈబీ2 కేటగిరీలో 2016, అంటే మీకు తెలిసిందే, ఇప్పట్లో రాదు. అక్టోబర్‌కి పాపకి 21 నిండుతాయి, ఆపైన హెచ్4 ఉండదు, ఎఫ్1 (స్టూడెంట్ వీసా)కి మార్చుకోమన్నారు లాయర్. మొన్న కాలేజీలో అడ్వైజర్ దగ్గరికి వెళ్తే నువ్వు ఇంటర్నేషనల్ అయిపోతావు కదా, పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ ఏమైనా చూసుకో అన్నారంట, ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. 21లోపే అప్లై చేసేస్తే హెచ్4 మీద లోకల్ కింద చూస్తారా? ఎవరైనా ఈ దారిలో వెళ్ళినవాళ్ళు ఉంటే చెప్పండి ప్లీజ్.

ఎఫ్1 మెడికో:
అక్కా, నేను సరిగ్గా ఇదే కేసు, హెచ్4 నుంచి ఎఫ్1, ఇప్పుడు ఎండీ (ఇక్కడి డాక్టర్ డిగ్రీ) రెండో ఏడు. ముందు ఒక విషయం. 21 దాటడంతో మెడికల్ స్కూల్ లెక్క పెద్దగా మారదు. వాళ్ళు చూసేది సిటిజనా, గ్రీన్‌కార్డా అనే. ఆ రెండూ లేకపోతే హెచ్4 అయినా ఎఫ్1 అయినా చాలా స్కూళ్ళకి పాప ఈరోజే ఇంటర్నేషనల్. ఇక్కడే పెరిగింది, ఇంగ్లీషే మాట్లాడుతుంది అన్నది వాళ్ళకి పట్టదు, నాకూ మొదట్లో ఒళ్ళు మండేది. కాబట్టి 21లోపు అప్లై చేసెయ్యాలని తొందరపడి సగం సగం అప్లికేషన్ పంపించొద్దు.

ఐ485 (గ్రీన్‌కార్డ్ అప్లికేషన్) వేసి ఈఏడీ (వర్క్ పర్మిట్) వచ్చినవాళ్ళు కూడా మోసపోతారు ఇక్కడ, ఈఏడీ అంటే గ్రీన్‌కార్డ్ కాదు. చేతిలో కార్డు ఎప్పటికి ఉండాలన్నది కూడా స్కూలుకో తీరు, కొన్ని అప్లై చేసేనాటికి అంటాయి, కొన్ని క్లాసులు మొదలయ్యే నాటికి ఉంటే చాలంటాయి. మధ్యలో కార్డు వస్తే ఆరోజే అన్ని స్కూళ్ళకీ మెయిల్ కొట్టాలి.

ఇక అడ్వైజర్ మాట. పూర్తిగా తప్పని అనను, ఏటా ఎండీలో చేరే సుమారు 23 వేల మందిలో మనలాంటివాళ్ళు రెండు శాతం కూడా ఉండరు. కానీ మాస్టర్స్ చేసినంత మాత్రాన ఈ స్టేటస్ గొడవ తీరదు కదా, మళ్ళీ ఇదే గుమ్మం ముందు నిలబడాలి. మీరు ఎమ్‌క్యాట్ (మెడికల్ స్కూల్ ఎంట్రన్స్ పరీక్ష) కంటే ముందు చేయాల్సింది స్కూళ్ళ లిస్టు. ఏఏఎంసీ (మెడికల్ కాలేజీల సంఘం) వాళ్ళ ఎమ్‌సార్ అని స్కూళ్ళ వివరాల డేటాబేస్ ఉంది, డబ్బు కట్టాలి, పెద్ద మొత్తమేం కాదు. అందులో ప్రతి స్కూలుకీ ఇంటర్నేషనల్స్‌ని తీసుకుంటారా లేదా అని ఉంటుంది. అక్కడితో ఆగిపోకండి, కిందికి వెళ్తే ఎంతమంది అప్లై చేశారు, ఎంతమందిని ఇంటర్వ్యూకి పిలిచారు, ఎంతమంది చేరారు అని లెక్క ఉంటుంది. తీసుకుంటాం అని రాసి ఉంటుంది, చేరినవాళ్ళు సున్నా అని ఉంటుంది. అట్లాంటి స్కూలుకి ఫీజు కట్టడం హుండీలో వేసినట్టే. నేను మొదటిసారి 31 స్కూళ్ళకి పెట్టా, అందులో 12 ఇలాంటివే అని తరవాత తెలిసింది, ఒక స్కూల్ అయితే సెకండరీ (స్కూలు విడిగా పంపే రెండో అప్లికేషన్) ఫీజు కూడా తీసుకుని మేం ఎఫ్1 వాళ్ళని చూడం అని మెయిల్ పెట్టింది. ఆ ఏడాది ఒక్క ఇంటర్వ్యూ రాలేదు. రెండోసారి 16కే పెట్టా, మూడు ఇంటర్వ్యూలు, ఒక సీటు.

యేల్, హార్వర్డ్, జాన్స్ హాప్కిన్స్, ఎమరీ, కేస్ వెస్టర్న్ లాంటి ప్రైవేటువి మనల్ని చూస్తాయి. స్టేట్ స్కూళ్ళలో చాలా వరకు తలుపులు మూసే ఉంటాయి. డీఓ (ఆస్టియోపతిక్ డాక్టర్ డిగ్రీ) కూడా మర్చిపోవద్దు, అది ఆకోమాస్‌లో వేరే అప్లికేషన్, కొన్ని డీఓ స్కూళ్ళు తీసుకుంటాయి, డీఓ అంటే ఇక్కడ పూర్తి డాక్టరే, మన పెద్దవాళ్ళు ఎవరేమన్నా పట్టించుకోకండి. ఎండీ పీహెచ్‌డీ అయితే ఫ్రీ కదా అని చాలామంది అంటారు, ఎన్ఐహెచ్ (ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) ట్రైనింగ్ గ్రాంట్ డబ్బులు సిటిజన్లకీ గ్రీన్‌కార్డ్ వాళ్ళకే, సొంత డబ్బుతో మనల్ని తీసుకునే స్కూళ్ళు కొన్నే.

ఎడిసన్ అంకుల్:
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదేం. మా అబ్బాయికి సీటు వచ్చినంత సంబరమూ ఫైనాన్స్ ఆఫీసు మెయిల్ చూసేసరికి దిగిపోయింది. ఫెడరల్ లోన్ మన పిల్లలకి రాదు. ప్రైవేటు లోన్ కావాలంటే చాలాచోట్ల సిటిజన్ గానీ గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళు గానీ కోసైన్ చెయ్యాలి, మన చుట్టూ ఉన్నదంతా హెచ్1 బ్యాచే, ఎవర్ని అడుగుతాం. నాలుగేళ్ళకి మూడున్నర లక్షల డాలర్లు ఈజీగా అవుతుంది, అంటే మన డబ్బుల్లో మూడు కోట్లు. కొన్ని స్కూళ్ళు ఏడాది డబ్బు చూపిస్తే ఐ20 (ఎఫ్1కి స్కూలు ఇచ్చే కాగితం) ఇస్తాయి, కొన్ని ఎస్క్రో (ఫీజు డబ్బు పక్కన పెట్టే ఖాతా)లో ముందే వెయ్యమంటాయి, నాలుగేళ్ళదీ ఒకేసారి అడిగేవి కూడా ఉన్నాయి. మేం గుంటూరు దగ్గర పొలం అమ్మాం అని అందరూ అంటుంటారు, అమ్మలేదు, మా బావమరిది సిటిజన్, ఆయన కోసైన్ చేశాడు. కోసైన్ అంటే సంతకం అనుకునేరు, కట్టకపోతే ఆయన క్రెడిట్ పోతుంది, అందుకని ఇంట్లో కూర్చుని కాగితం రాసుకున్నాం. లిస్టు వేసేటప్పుడే ప్రతి స్కూలుకీ మెయిల్ పెట్టి ఇంటర్నేషనల్స్‌కి నీడ్ బేస్డ్ ఎయిడ్ ఉందా, ఎస్క్రో ఎంత అని అడగండమ్మా. జవాబు రాతలో ఉంచుకోండి, ఫోన్లో చెప్పింది నమ్మొద్దు.

ఫ్రిస్కో అమ్మ:
చాలా థాంక్స్ తమ్ముడూ, థాంక్స్ అంకుల్. టెక్సస్ సంగతేంటి మరి, మేం పదేళ్ళ పైనుంచి ఇక్కడే ట్యాక్సులు కడుతున్నాం, ఇన్‌స్టేట్ ఫీజే పడుతోంది పాపకి.

ఎఫ్1 మెడికో:
రెండూ వేరే ప్రశ్నలక్కా, అందరూ కలిపేస్తారు. ఫీజు కోసం టెక్సస్ రెసిడెంట్ అవునా కాదా అనేది ఒకటి, హెచ్4 వాళ్ళు ఇక్కడ దానికి అర్హులే. అడ్మిషన్‌కి వీసా స్టేటస్ ఏంటన్నది ఇంకొకటి. రెసిడెంట్ అని ఒప్పుకున్న స్కూలే లోపలికొచ్చాక ఇంటర్నేషనల్ అని పక్కన పెట్టొచ్చు. టెక్సస్ పబ్లిక్ స్కూళ్ళకి టీఎండీసాస్ అని వేరే అప్లికేషన్, వాటిలో 90 శాతం సీట్లు టెక్సస్ వాళ్ళకే, అందుకే రెసిడెన్సీ నిలబడితే పాపకి అదే పెద్ద బలం. కానీ ఎఫ్1కి మారాక రెసిడెన్సీ ఏమవుతుందో మారకముందే తేల్చుకోండి, హైస్కూల్ ఇక్కడే చదివిన రికార్డులన్నీ తీసి పెట్టుకోండి.

ఇంకోటి, హైస్కూల్లో డ్యుయల్ క్రెడిట్ (స్కూల్లో ఉండగానే చేసే కాలేజీ కోర్సులు) తీసుకుందా? తీసుకుంటే ఆ కమ్యూనిటీ కాలేజ్ ట్రాన్స్‌క్రిప్ట్ కూడా ఆమ్‌క్యాస్ (ఎండీ స్కూళ్ళ ఉమ్మడి అప్లికేషన్)కి పంపాలి, ఆ గ్రేడ్లు జీపీఏలో కలుస్తాయి. నేను మర్చిపోతే నా వెరిఫికేషన్ నెల ఆగింది. మే నెలలో అప్లికేషన్ తెరుస్తారు, తెరిచిన మొదటి వారాల్లోనే పంపెయ్యాలి, వచ్చే ఏడాది ఆగస్టులో క్లాసులు.

బెజవాడ బైపీసీ:
అన్నా మధ్యలో అడుగుతున్నా ఏమీ అనుకోకండి, నేను ఇంటర్ సెకండియర్, నీట్‌లో సీటు రాకపోతే డైరెక్ట్‌గా అమెరికా మెడికల్ స్కూల్‌కి అప్లై చేయొచ్చా, ఇక్కడ ఒక కన్సల్టెన్సీ ఆరేళ్ళ ఎండీ అని చెప్తున్నారు.

ఎఫ్1 మెడికో:
తమ్ముడూ, ఇంటర్ తర్వాత డైరెక్ట్‌గా ఉండదు. ఇక్కడ ముందు నాలుగేళ్ళ డిగ్రీ, ఆ తర్వాత నాలుగేళ్ళ ఎండీ. బీఎస్ ఎండీ అని కలిపి ఉన్న ప్రోగ్రామ్‌లు ఎక్కువ శాతం సిటిజన్, గ్రీన్‌కార్డ్ వాళ్ళకే. ఇండియాలో బీఎస్సీ చేసొస్తా అనుకున్నా కష్టమే, ఆమ్‌క్యాస్ ఫారిన్ కాలేజీ గ్రేడ్లని వెరిఫై చెయ్యదు, చాలా స్కూళ్ళు అమెరికాలోనో కెనడాలోనో కనీసం కొంత చదివి ఉండాలంటాయి. ఆ కన్సల్టెన్సీ వాళ్ళని స్కూల్ ఏ దేశంలో ఉందో అడుగు, చాలాసార్లు కరీబియన్ దీవి అని తేలుతుంది. డబ్బు కట్టకముందు అడుగు.

హౌస్ సర్జన్ కాకినాడ:
నేను ఎంబీబీఎస్ అయిపోయి ఇంటర్న్‌షిప్‌లో ఉన్నా. నేనూ ఎమ్‌క్యాట్ రాయాలా?

నైట్ డ్యూటీ అక్క:
వద్దమ్మా, నీకు ఎండీ మళ్ళీ ఎందుకు. నేను ఎంబీబీఎస్ చేసి వచ్చి ఇక్కడ రెసిడెన్సీ (హాస్పిటల్ ట్రైనింగ్) చేస్తున్నా. నీది యూఎస్ఎంఎల్ఈ (అమెరికా డాక్టర్ లైసెన్స్ పరీక్షలు) దారి, స్టెప్ 1 (2022 జనవరి నుంచి స్కోర్ లేదు, పాస్ ఫెయిలే), స్టెప్ 2 సీకే, ఓఈటీ (ఇంగ్లీష్ పరీక్ష), విదేశీ డాక్టర్లకిచ్చే ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్, ఆ తర్వాత మార్చిలో మ్యాచ్ (రెసిడెన్సీ సీట్ల కేటాయింపు). స్కోర్ అంతా ఇప్పుడు సీకేలోనే, దాన్ని తేలిగ్గా తీసుకోకు. విడిగా పోస్టు పెట్టు, రాత్రికి రాస్తా, ఇక్కడ వాళ్ళ పాప కేసు కలగాపులగం అయిపోతుంది.

ఫ్రిస్కో అమ్మ:
ఎమ్‌సార్ తీసుకున్నామండీ నిన్న రాత్రే. పాపా నేనూ కూర్చుని 40 స్కూళ్ళు చూశాం, చేరినవాళ్ళు సున్నా ఉన్నవి కొట్టేస్తే 14 మిగిలాయి. డ్యుయల్ క్రెడిట్ కూడా ఉంది, ఇంగ్లీషూ గవర్నమెంటూ, దానికి గుర్తే లేదు! అంకుల్, ఎస్క్రో మెయిల్ ఎట్లా రాయాలో మీరు పంపింది ఉంటే ఇక్కడ పెట్టగలరా, పేర్లు తీసేసి.

ఎడిసన్ అంకుల్:
సాయంత్రం పెడతానమ్మా, మా అబ్బాయి లాప్‌టాప్‌లో ఉంది. కోసైనర్ ఎవరో మాత్రం ఈ వారాంతమే మాట్లాడుకోండి, దానికే ఎక్కువ టైం పడుతుంది.