షార్ట్‌స్టాప్‌లో ఎవర్ని ఆడించాలి: బాగా కొట్టేవాడినా, బాగా పట్టేవాడినా?

తొమ్మిదో_నంబర్:
ఈ సీజన్ మా అమెచ్యూర్ బేస్‌బాల్ టీమ్‌కి లైనప్ రాసే బాధ్యత నాది. షార్ట్‌స్టాప్‌కి, అంటే సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్ స్థానానికి, ఇద్దరున్నారు, ఎటూ తేల్చుకోలేకపోతున్నా. ఒకడి వైపు బంతి వెళ్తే అవుట్ రాసేసుకోవచ్చు, కానీ బ్యాట్ పట్టుకుంటే స్ట్రైకౌటో (మూడు స్ట్రైక్‌లకి అవుట్), మెత్తటి గ్రౌండరో (నేలమీద దొర్లే బంతి). రెండోవాడు టీమ్‌లో అందరికన్నా గట్టిగా కొడతాడు, ఇప్పటిదాకా అతన్నే ఆడిస్తున్నా. పోయిన మ్యాచ్ 5వ ఇన్నింగ్స్, రెండు అవుట్లు, సెకండ్, థర్డ్ బేస్‌లలో రన్నర్లు. మామూలు గ్రౌండర్, అతనికి రెండడుగులు ఎడమగా వచ్చింది. కాళ్లు కదపకుండా చెయ్యి మాత్రం చాపాడు, గ్లవ్ నేలకి ఆనలేదు, బంతి కిందనుంచి అవుట్‌ఫీల్డ్‌లోకి పోయింది. రెండు పరుగులు. తర్వాతి ఇన్నింగ్స్‌లో అతనే డబుల్ (రెండు బేస్‌ల హిట్) కొట్టి ఒక పరుగు తెచ్చాడు. చివరికి ఒక్క పరుగు తేడాతో ఓడిపోయాం. మీరైతే ఎవర్ని పెడతారు?

గట్టి_బ్యాట్:
కొట్టేవాడినే, ఆలోచించక్కర్లేదు. బ్యాటింగ్‌కి ఆటకి నాలుగుసార్లు కచ్చితంగా వస్తాడు. షార్ట్‌స్టాప్‌కి నిజంగా కష్టమైన బంతి ఆటకి ఒకటో రెండో, ఒక్కోరోజు అదీ రాదు. బాల్టిమోర్ షార్ట్‌స్టాప్ మార్క్ బెలాంజర్ పేరు చెబుతారని తెలుసు, కెరీర్ బ్యాటింగ్ సగటు .228 మాత్రమే, అయినా 8 గోల్డ్ గ్లవ్‌లు (ఫీల్డింగ్ అవార్డులు). కానీ 1970లో ఛాంపియన్లైన ఆ బాల్టిమోర్ లైనప్‌లో ఫ్రాంక్ రాబిన్సన్, బ్రూక్స్ రాబిన్సన్, ఆ ఏడాది ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) బూగ్ పావెల్ ఉన్నారు. వాళ్లు మోస్తే బెలాంజర్ ఆడగలిగాడు. మీ టీమ్‌లో మోసేవాళ్లు ఎవరున్నారు?

స్కోర్‌బుక్:
బెలాంజర్ విషయం ఒప్పుకుంటా, మంచి పాయింట్. కానీ టాంపా బే రేస్‌ని చూడండి. 2007లో 782 పరుగులు చేసి 944 ఇచ్చారు, 96 మ్యాచ్‌లు ఓడారు. తర్వాతి ఏడాది చేసినవి 774, అంటే కొట్టడం కాస్త తగ్గింది కూడా. ఇచ్చినవి మాత్రం 671. 97 మ్యాచ్‌లు గెలిచి వరల్డ్ సిరీస్‌కి వెళ్లారు. మధ్యలో ఏం చేశారంటే, బాగా కొడతాడని పేరున్న డెల్మన్ యంగ్‌ని ఇచ్చేసి పిచర్ (బంతి వేసేవాడు) మాట్ గార్జానీ, షార్ట్‌స్టాప్ జేసన్ బార్ట్‌లెట్‌నీ తెచ్చుకున్నారు, అకినోరి ఇవామురాని థర్డ్ బేస్ నుంచి సెకండ్‌కి మార్చారు, థర్డ్‌లో కొత్తగా ఎవాన్ లాంగోరియా వచ్చాడు. పిచింగ్ కూడా మెరుగుపడింది కాబట్టి క్రెడిట్ అంతా గ్లవ్‌లకే ఇవ్వను. అయినా అదే పిచర్ వేసిన అదే బంతికి వెనక ఎవరున్నారనేదాన్ని బట్టి హిట్టో అవుటో తేలుతుంది, ఆ తేడా లెక్కల్లో పిచర్ పేరు పక్కనే కనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఎర్రర్ (పట్టాల్సిన బంతిని ఫీల్డర్ వదిలేయడం) అంటే ఒక్క బేస్ పోవడమే కాదు, ఇన్నింగ్స్ అయిపోవాల్సిన చోట పిచర్ మళ్లీ మొదలుపెట్టాలి. మీ 5వ ఇన్నింగ్స్‌లో ఆ బంతి తర్వాత పిచర్ ఇంకెన్ని బంతులు వేశాడో రాసుకున్నారా? పైగా అమెచ్యూర్ ఆటలో స్ట్రైకౌట్లు తక్కువ, బంతి ఎక్కువగా నేలమీదే వస్తుంది, కాబట్టి ప్రొఫెషనల్ లెక్కలకన్నా ఇక్కడ షార్ట్‌స్టాప్ విలువ పెరుగుతుందే తప్ప తగ్గదు.

గట్టి_బ్యాట్:
మీ పిచర్ స్ట్రైకౌట్లు తీసేవాడైతే ఆ లెక్క మారదా?

స్కోర్‌బుక్:
మారుతుంది. అందుకే సీజన్ మొత్తానికి ఒకే లైనప్ రాయొద్దంటాను. బంతి కిందకి దిగేలా వేసే పిచర్ రోజున గ్లవ్, బ్యాటర్లు ఊపినా తగలకుండా వేసి స్ట్రైకౌట్లు తీసే పిచర్ రోజున బ్యాట్.

చివరి_ఇన్నింగ్స్:
ఇంకో దారి కూడా ఉంది. కొట్టేవాడితో మొదలుపెట్టి, ఆధిక్యం వచ్చాక పట్టేవాడిని దింపండి. 1986 వరల్డ్ సిరీస్‌లో బోస్టన్ అదే చేస్తూ వచ్చింది, చివరి ఇన్నింగ్స్‌లలో ఫస్ట్ బేస్‌లో బిల్ బక్నర్‌ని తీసి డేవ్ స్టేపుల్టన్‌ని పెట్టేవారు. బక్నర్ ఆ ఏడాది 102 పరుగులు తెప్పించినవాడు, కానీ చీలమండలు బాగాలేవు. 6వ మ్యాచ్ 10వ ఇన్నింగ్స్‌లో 5-3 ఆధిక్యం ఉన్నా మార్చలేదు. ప్రత్యర్థి మెట్స్ స్కోరు సమం చేశాక వాళ్ల మూకీ విల్సన్ కొట్టిన గ్రౌండర్ బక్నర్ కాళ్ల మధ్యనుంచి వెళ్లింది, మెట్స్ గెలిచింది. సమం అయ్యింది వైల్డ్ పిచ్ (పిచర్ అదుపు తప్పి వేసిన బంతి) వల్ల, కాబట్టి ఓటమంతా బక్నర్ నెత్తిన వేయడం అన్యాయమని ఇప్పటికీ నా అభిప్రాయం. అతన్ని అక్కడ ఉంచిన నిర్ణయం మేనేజర్‌ది. అందుకే లైనప్ రాసేవాళ్లు ఎప్పుడు మార్చాలో ఆట మొదలవకముందే అనుకుని ఉండాలి.

గట్టి_బ్యాట్:
సరే, నేనూ కొంచెం దిగుతా. కానీ ఆ బ్యాట్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టొద్దు, దయచేసి. మీ లీగ్‌లో డెజిగ్నేటెడ్ హిట్టర్ (ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే చేసేవాడు) ఉంటే అక్కడ పెట్టండి, లేదంటే ఫస్ట్ బేస్.

తొమ్మిదో_నంబర్:
మా లీగ్‌లో ఆ రూల్ లేదు. ఫస్ట్ బేస్‌లో ఇప్పుడున్నవాడు పెద్దగా కొట్టడు కూడా, కాబట్టి అక్కడికి మార్చడం కుదురుతుంది. నా భయమల్లా షార్ట్‌స్టాప్ నుంచి ఫస్ట్ బేస్‌కి నేలకి తగిలి ఎగిరొచ్చే త్రోల గురించే, అవి పట్టలేకపోతే షార్ట్‌స్టాప్‌లో మంచి గ్లవ్ పెట్టి ఏం లాభం. స్కోర్‌బుక్ అన్నా, మీరడిగింది ఇప్పుడే చూశా: ఆ ఎర్రర్ తర్వాత మా పిచర్ ఇంకో 14 బంతులు వేశాడు. రేపు ప్రాక్టీస్‌లో ఆ కొట్టేవాడిని ఫస్ట్ బేస్‌లో నిలబెట్టి, కావాలనే కిందకి 50 త్రోలు వేయిస్తా. ఎన్ని పట్టాడో ఇక్కడే రాస్తాను.