కాలవలో పడ్డ బండి, ఆగిన గుండె: 108లో ఇద్దరే ఉంటే ముందు ఏది?

కోనసీమలో 108 బండ్ల మీద పనిచేసేవారు, అత్యవసర విభాగం డాక్టర్లు దయచేసి చెప్పండి.

దెబ్బల వల్ల గుండె ఆగితే ఛాతీ నొక్కడం కంటే కారణం తీర్చడమే ముందు: కారే రక్తం ఆపాలి, ఆక్సిజన్ అందించాలి, ఊపిరితిత్తుల చుట్టూ బిగిసిన గాలి వదిలించాలి. రక్తమంతా పోయి గుండె ఖాళీ అయ్యాక ఎంత నొక్కినా ముందుకు పారేది ఉండదు. మునక అయితే వేరు: ముందు 5 శ్వాసలు, వెంటనే నొక్కడం.

మన కాలవగట్ల మీద ఈ రెండూ కలిసే వస్తాయి. పైకి రక్తం కనిపించకపోతే మునకగానే మొదలుపెడతారా? శ్వాస ఇచ్చే బ్యాగ్ నొక్కితే గాలి బిగుతుగా వెళ్తుంటేనే, బిగిసిన గాలి వదిలించడానికి ఛాతీలో సూది గుచ్చుతారా, రెండు వైపులా ముందే గుచ్చేస్తారా?

సూదిదే అసలు చిక్కు. 14 గేజ్ మామూలు క్యాన్యులా (సూది మీద ఉండే ప్లాస్టిక్ గొట్టం) 5 సెంటీమీటర్లే. ఛాతీ మందంగా ఉంటే లోపలికి అందదు, అందినా మడత పడి మూసుకుపోతుంది. 8 సెంటీమీటర్లది చంక ముందు గీత మీద, 5వ పక్కటెముకల సందులో వాడుతున్నవారున్నారా?

కటి (తుంటి ఎముకల వలయం) విరిగిందనిపిస్తే పంచెను నడుముకి కాకుండా తొడ ఎముకల పైబుడిపెల మీదుగా బిగించాలి. పైలట్ (108 నడిపేవారు) బ్యాగ్ పట్టుకుంటే ఇది ఎవరు, ఎప్పుడు కడుతున్నారు?