1975 పద్మిని: పాత 1089 సీసీ ఇంజినే బాగు చేయించాలా, దాన్ని తీసేసి 118 ఎన్‌ఈ ఇంజిన్ వేయించాలా?

తెనాలి_పద్మిని:

అందరికీ నమస్కారం. మా పెదనాన్నగారి 1975 మోడల్ ప్రీమియర్ పద్మిని కారు ఇప్పుడు నా దగ్గరుంది. బాడీ గట్టిగానే ఉంది, పెద్దగా తుప్పు లేదు. బాధంతా ఇంజిన్‌తోనే. తెనాలిలో బయల్దేరి బెజవాడ వారధి దాటేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదకి వచ్చేస్తోంది. రేడియేటర్‌లో నీళ్లు రోజూ తగ్గుతున్నాయి, కింద మాత్రం చుక్క కారడం లేదు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే మిస్సింగ్ (ఇంజిన్ తడబడడం), కాసేపటికి సర్దుకుంటుంది.

చూసిన మెకానిక్ ఈ ఇంజిన్ పని అయిపోయిందన్నాడు. ప్రీమియర్ వాళ్లే తర్వాత తెచ్చిన 118 ఎన్‌ఈ కారు ఇంజిన్ ఒకటి ఉంది, పాతది తీసేసి గేర్‌బాక్సుతో సహా దాన్ని ఇందులో దించేద్దాం అంటున్నాడు. ఇంట్లో సగం మంది సరే అన్నారు, పెదనాన్నగారు ససేమిరా అంటున్నారు. రెండు వైపులా చెప్పండి, విని నిర్ణయించుకుంటాను.

బెజవాడ_లేత్:

తమ్ముడూ, 118 ఎన్‌ఈ ఇంజినే దించెయ్. పద్మిని ఇంజిన్ మీద నాకు ప్రేమ లేక కాదు, రోజూ నా ముందుకి వచ్చేవి అవే కాబట్టి చెబుతున్నా. బోరు (సిలిండర్ వెడల్పు) 68 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75 మి.మీ., 1089 సీసీ, నలభై హార్స్‌పవర్ చుట్టుపక్కల. బండేమో తొమ్మిది వందల కిలోల దాకా ఉంటుంది. పిస్టన్లు తిప్పే క్రాంకు అనే ఇరుసుని మోసేవి మూడే మెయిన్ బేరింగులు. పద్మినికి మూలమైన, 1953లో ఇటలీలో వచ్చిన ఫియట్ 1100-103లోని ఇంజినే అది. ఆ రోడ్లకీ ఆ వేగాలకీ సరిపోయింది. ఇప్పుడు హైవే మీద గంటసేపు ఎనభైకి పైన తోలితే ఆ క్రాంకు ఎంతకాలం ఓర్చుకుంటుంది?

118 ఎన్‌ఈలోది నిస్సాన్ ఏ12. 1171 సీసీ, 52 హార్స్‌పవర్, అయిదు మెయిన్ బేరింగులు. అదీ పుష్‌రాడ్ (కడ్డీలతో వాల్వులు తెరిచే పాత పద్ధతి) ఇంజినే, కానీ శబ్దం తక్కువ, పికప్ తేడా మొదటి గేరులోనే తెలుస్తుంది. పైగా ఆ కంపెనీయే 1985 నుంచి అమ్మిన ఇంజిన్, ఎక్కడిదో తెచ్చి అతికించినట్టు కాదు. ఇంకో మాట, 2000 ఫిబ్రవరి నుంచి దేశంలో లెడ్ పెట్రోలు లేదు. పాత ఇంజిన్ల వాల్వ్ సీట్లు, అంటే వాల్వులు ఆనుకునే అంచులు, లెడ్ లేకపోతే అరిగిపోతాయి. ట్యాపెట్లు (వాల్వుల్ని కదిలించే భాగాలు) ఎన్నిసార్లు సెట్ చేసినా వాల్వు గ్యాపు మూసుకుపోతూనే ఉంటుంది.

పాతబండి:

లేత్ అన్నా, నువ్వు చెప్పిన కొలతల్లో తప్పు లేదు. కానీ తమ్ముడు అడిగిన జబ్బుకీ ఆ కొలతలకీ సంబంధం లేదు. అతను చెప్పిన లక్షణాలు మళ్లీ చదువు. నీళ్లు తగ్గుతున్నాయి, బయట కారడం లేదు, పొద్దున్న మిస్సింగ్, తర్వాత సర్దుకోవడం. ఇంజిన్ బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య పెట్టే రేకు, అదే హెడ్ గ్యాస్కెట్, లీకైతే ఇలాగే ఉంటుంది. రాత్రంతా నీళ్లు మెల్లగా సిలిండర్‌లోకి దిగుతాయి, పొద్దున ఆ సిలిండర్ మండదు, ఆ నీళ్లు ఆవిరై పోయాక మామూలుగా నడుస్తుంది. దీనికి ఇంజిన్ మార్చడమేమిటి?

తెనాలి తమ్ముడూ, డబ్బు ఖర్చు పెట్టే ముందు ఇవి చూడు. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయించు. నీళ్లలోంచి ఆగకుండా బుడగలు వస్తుంటే మంట గ్యాసు నీళ్లలోకి వస్తున్నట్టే. ఆయిల్ పోసే మూత కింద తెల్లటి మీగడలాంటిది పేరుకుందేమో చూడు, ఉంటే నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నట్టు. తర్వాత ప్లగ్గులు నాలుగూ విప్పి కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) చూపించు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లలో మాత్రమే పడిపోయి ఉంటే ఆ రెండింటి మధ్య గ్యాస్కెట్ కాలిపోయిందని అర్థం. నాలుగింట్లోనూ ఒకేలా తక్కువ ఉంటే అప్పుడు సిలిండర్ బోరు, పిస్టన్ రింగులు అరిగిన మాట.

ఇక అసలు ఎందుకు వేడెక్కుతుంది? పద్మిని బ్లాకు పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. రెండు లోహాలకీ వేడికి సాగడంలో తేడా ఉంది. ఈ జతకి కూలెంటు లేకుండా ఉత్త నీళ్లు, అదీ మన గుంటూరు, ప్రకాశం వైపు బోరు నీళ్లు, ఏళ్ల తరబడి పోస్తే హెడ్‌లో నీటి దారులు లోపల్నుంచి తినేస్తాయి, రేడియేటర్ గొట్టాలు సున్నంతో పూడుకుపోతాయి. దానికి తోడు నీళ్ల వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ సగం బళ్లలో పీకి పారేసి ఉంటుంది. ఇంజిన్ ఒకసారి బాగా వేడెక్కితే అల్యూమినియం హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. దారిలో ఆపి ఆ వేడి మీదే చన్నీళ్లు పోస్తే ఇంకా వంగుతుంది. ఇదంతా డిజైన్ తప్పు కాదు. నువ్వు దించమంటున్న ఏ12కీ హెడ్ అల్యూమినియమే. అదే బోరు నీళ్లు, అదే పూడిన రేడియేటర్ తగిలిస్తే రెండేళ్లలో దాన్నీ ఇదే గతికి తెస్తారు.

వాల్వ్ సీట్ల సంగతి: అల్యూమినియం హెడ్‌లో వాల్వు నేరుగా హెడ్ మీద కూర్చోదు, విడిగా గట్టి లోహం రింగు దిగ్గొట్టి ఉంటుంది. సీట్లు తినేయడం ఎక్కువగా ఇనప హెడ్‌లో నేరుగా సీటు కోసిన ఇంజిన్ల బాధ. పద్మినిలో సీటు అరిగితే ఆ రింగు మార్చుకుంటే సరి, ఆ పని నీ లేత్ మీదే అవుతుంది.

చట్టం సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు, నాకు అన్నిటికంటే ముఖ్యం అదే. బండి 1975ది, అంటే యాభై ఏళ్ల గీత దగ్గరికి వచ్చింది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. నెంబరు ప్లేటు మీద వీఏ అని వస్తుంది, కొత్త రిజిస్ట్రేషన్‌కి ఇరవై వేలు, పదేళ్ల గడువు. 118 ఎన్‌ఈ ఇంజిన్ దించిన మరుక్షణం ఆ దారి మూసుకుపోతుంది. ఇంజిన్ నెంబరు ఆర్‌సీలో ఉన్నదానితో కలవదు కాబట్టి ఆర్‌టీవో అనుమతి లేకుండా మారిస్తే మామూలు రిజిస్ట్రేషన్‌కీ చిక్కే. ఆ మెకానిక్ ఇవ్వబోయే ఇంజిన్‌కి కాగితాలు ఉన్నాయా అని ముందు అడుగు.

బెజవాడ_లేత్:

కాగితాల మాట ఒప్పుకుంటా, అనుమతి లేకుండా మార్చమని నేనెప్పుడూ అనలేదు. కానీ వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి సగమే చెప్పావు. ఆ బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ రిపేరుకీ అంతే. తమ్ముడు తెనాలి నుంచి బెజవాడకి తోలుకుని రావాలనుకుంటున్నాడు. అద్దాల గదిలో పెట్టుకోవడానికి అయితే నీ మాటే నిజం. తోలడానికయితే విడిభాగాల మాటేమిటి? మంచి గ్యాస్కెట్ దొరకడమే గగనం. మార్కెట్లో దొరికేవి కొన్ని ఎంత పల్చగా ఉంటున్నాయంటే హెడ్ సరిగ్గా ఫేసింగ్ పట్టినా (అడుగు చదును చేసినా) ఆరునెలలు ఆగవు.

హనుమకొండ_సోలెక్స్:

ఇంజిన్ ఏదైనా ఇద్దరూ వదిలేసిన విషయం పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఈ20. పెట్రోలునీ గాలినీ కలిపే పాత సోలెక్స్ కార్బరేటర్‌కి సెన్సర్లు లేవు, జెట్టు అనే చిన్న రంధ్రంలోంచి పెట్రోలు ఎంత వస్తే అంతే. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్టుతో మిశ్రమం పలచబడుతుంది. పలచని మిశ్రమంతో ఇంజిన్ వేడెక్కుతుంది, పికప్ ఇచ్చేటప్పుడు తడబడుతుంది. తమ్ముడి బండి వేడెక్కడంలో దీని పాలు కూడా ఉండొచ్చు. మెయిన్ జెట్టు ఒక సైజు పెంచి, ప్లగ్గు రంగు చూసుకుంటూ సెట్ చేయాలి. పింగాణీ తెల్లగా పాలిపోతే ఇంకా పలచగా ఉన్నట్టు, లేత గోధుమరంగుకి వస్తే సరిపోయినట్టు.

ఫ్యూయల్ పంపులో పాత రబ్బరు పొర (డయాఫ్రం) ఇథనాల్‌కి ఉబ్బి చీలిపోతుంది. పెట్రోలు పైపులు కూడా అంతే. ఇథనాల్‌ని తట్టుకునేవి వేయండి. బండి నెలలకొద్దీ కదలకపోతే ట్యాంకులో నీరు చేరి తుప్పు పడుతుంది, కాబట్టి నిలబెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేయండి. ఎండాకాలం ట్రాఫిక్‌లో బండి ఆగిపోయి సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకోకపోవడం, పంపు మీద తడిగుడ్డ వేస్తే అందుకోవడం, ఇది పద్మిని ఉన్నవాళ్లందరికీ తెలిసిందే. పంపులో పెట్రోలు ఆవిరైపోతుంది. ఇథనాల్ కలిశాక ఇంకా త్వరగా అవుతోంది. పంపుకీ ఎగ్జాస్టుకీ మధ్య చిన్న రేకు అడ్డం పెట్టించండి.

ఒక్కటి మాత్రం చెబుతా. బొంబాయిలో ఈ బళ్లే టాక్సీలుగా 2023 అక్టోబరు దాకా తిరిగాయి. చాలావాటికి తర్వాత సీఎన్‌జీ పెట్టారు, కానీ ఆ ఎండలో, ఆ ట్రాఫిక్‌లో పొద్దస్తమానం నిలబడి నడిచింది ఈ ఇంజినే.

తెనాలి_పద్మిని:

పాతబండి గారు చెప్పినట్టే చూపించాం. మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వచ్చాయి. ఆయిల్ మూత కింద తెల్లగా ఏమీ లేదు. కంప్రెషన్ ఒకటి, నాలుగు సిలిండర్లలో బాగుంది. రెండు, మూడు బాగా పడిపోయాయి. 118 ఎన్‌ఈ ఇంజిన్‌కి కాగితాలు అడిగితే మెకానిక్ మాట మార్చాడు.

పాతబండి:

రెండు, మూడు మధ్యలో గ్యాస్కెట్ పోయింది తమ్ముడూ. హెడ్ విప్పేది పూర్తిగా చల్లారాకే. నట్లు బయటివైపు నుంచి మొదలుపెట్టి లోపలికి, ఒక్కోటి కొంచెం కొంచెంగా వదులు చేయమను. బిగించేటప్పుడు మధ్య నుంచి బయటికి, టార్క్ రెంచితో, చేతి అంచనాతో కాదు. రేడియేటర్ కూడా అప్పుడే దించి గొట్టాలు శుభ్రం చేయించు, లేకపోతే కొత్త గ్యాస్కెట్ కూడా ఇలాగే పోతుంది. థర్మోస్టాట్ కొత్తది వేయించు, డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంటు కలిపి పోయించు.

బెజవాడ_లేత్:

హెడ్ విప్పాక నా దగ్గరికి పంపు. స్కేలు వేసి వంపు ఎంతుందో చూసి, అవసరమైనంతే ఫేసింగ్ పడతా. ఎక్కువ తీస్తే కంప్రెషన్ పెరిగి నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి టకటకమనడం) మొదలవుతుంది. ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంప్ కూడా దించి బేరింగులు చూడమను. క్రాంకు బాగా అరిగి ఉంటే మాత్రం నా మాట నాదే, అప్పుడు కాగితాలున్న ఏ12 వెతుకుదాం.